వందేళ్లు దాటిన గండిపేట కట్ట దిగువన ఇల్లు: దేనికి భయపడాలి, దేనికి అక్కర్లేదు

మంచిరేవుల దగ్గర మూసీ గట్టుకు చేరువలో ఫ్లాట్ కొన్నామని, ఎగువన ఉన్న ఉస్మాన్‌సాగర్ (మనం గండిపేట అనేది దీన్నే) కట్టకు వందేళ్లు దాటాయి కాబట్టి ఎప్పుడైనా తెగుతుందేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉందని రాశారు. గేట్లు ఎత్తారని టీవీలో వచ్చిన రాత్రి మీ అమ్మగారికి నిద్ర పట్టడం లేదన్నారు. కృష్ణా, గోదావరి నీళ్లు వస్తున్నాయి కదా, ఈ పాత చెరువును ఖాళీ చేసేస్తే పోలా అని మీ తమ్ముడు అంటున్నారట. నేను కట్టల తనిఖీ, గేట్ల నిర్వహణ పనిలోనే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

సూటిగా చెప్పాలంటే, కట్ట వయసు చూసి మీరు నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. నది ఒడ్డున ఉన్నందుకు మాత్రం జాగ్రత్త పడాల్సిందే. ఎందుకో తెలియాలంటే ఆ కట్ట అక్కడికి ఎందుకొచ్చిందో ముందు తెలియాలి.

గండిపేట అనగానే మనకు మంచినీళ్లు గుర్తొస్తాయి. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదిలి పోడని పెద్దవాళ్లు ఇప్పటికీ అంటారు. కానీ దాన్ని కట్టించింది దాహం కాదు, వరద. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది. సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి దగ్గర చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇంకా ఉంది. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన వర్షం లెక్కలు తీయించి చూస్తే శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాలు, అంటే మన లెక్కలో 32 సెంటీమీటర్లకు పైగా పడింది. పరీవాహకంలో, అంటే వాన నీరు నదిలోకి పారి వచ్చే ప్రాంతంలో, ఉన్న 788 చెరువుల్లో 221 తెగాయి. పై చెరువు తెగి కింది చెరువు మీద పడటం, అది తెగి ఇంకో దాని మీద పడటం, అలా నీళ్లన్నీ ఒక్కుమ్మడిగా నగరం మీదికొచ్చాయి.

నగరంలో నది గట్లు ఎంత ఎత్తు పెంచినా ఇలాంటి వరద ఆగదు, ఊరికి ఎగువనే పట్టి ఆపాలి అన్నది ఆయన సలహా. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. అంటే వరద ఆపడమే వాటి మొదటి పని. తాగునీళ్లు ఆ పనితో పాటు వచ్చిన లాభం. ఈ వరస తప్పి ఆలోచించడం వల్లే ఇప్పటి చిక్కులు చాలావరకు వస్తున్నాయి. ఒకే చెరువును రెండు పనులకు వాడుతున్నాం. తాగునీళ్లకు అది ఎప్పుడూ నిండుగా ఉండాలి. వరద పట్టుకోవాలంటే అందులో ఖాళీ ఉండాలి. గేట్ల దగ్గర కూర్చున్న ఇంజనీర్‌కు ప్రతి వానాకాలం ఇదే పరీక్ష.

కొంచెం లెక్క చూద్దాం, మీకే అర్థమవుతుంది. ఉస్మాన్‌సాగర్ పూర్తి మట్టం సముద్రమట్టం లెక్కలో 1,790 అడుగులు, పట్టేది 3.9 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). దాని పరీవాహకం సుమారు 740 చదరపు కిలోమీటర్లు. హిమాయత్‌సాగర్ మట్టం 1,763.5 అడుగులు, పట్టేది 2.97 టీఎంసీలు, పరీవాహకం మాత్రం సుమారు 1,300 చదరపు కిలోమీటర్లు. చిన్న బిందె పెట్టి పెద్ద డాబా మీది నీళ్లు పట్టినట్టన్నమాట. పరీవాహకం నుంచి సగటున ఆరున్నర సెంటీమీటర్ల నీరు పారి వస్తే చాలు, అడుగంటిన హిమాయత్‌సాగర్ కూడా నిండిపోతుంది. ఉస్మాన్‌సాగర్ నిండాలంటే అలాంటి నీరు 15 సెంటీమీటర్లు రావాలి. అందుకే వార్తల్లో ముందు హిమాయత్‌సాగర్ గేట్ల మాట వినిపిస్తుంది. 2020 అక్టోబర్‌లోనూ హిమాయత్‌సాగర్ గేట్లే ఎత్తారు. మీరుండేది మూసీ పాయ మీద కాబట్టి మీకు సంబంధించినవి ఉస్మాన్‌సాగర్ గేట్లు. ఈసీ వచ్చి మూసీలో కలిసేది మీకు దిగువన, లంగర్‌హౌజ్ బాపూఘాట్ దగ్గర. హిమాయత్‌సాగర్ వార్త విని మీ అమ్మగారు కంగారు పడాల్సిన పని లేదు. చాదర్‌ఘాట్, మూసారాంబాగ్, మూసానగర్ వాళ్లకైతే రెండూ కలిసే వస్తాయి.

టీవీలో చెప్పే క్యూసెక్కుల సంఖ్యను ఎలా అర్థం చేసుకోవాలో కూడా చెప్తాను. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పారితే ఒక క్యూసెక్కు. 11,574 క్యూసెక్కులు 24 గంటలు వదిలితే ఒక టీఎంసీ. 2,000 క్యూసెక్కులంటే మామూలు వానాకాలపు విడుదల, రోజంతా వదిలినా టీఎంసీలో ఆరో వంతు. విడుదల బాగా పెరిగితే మంచిరేవుల, నార్సింగి మధ్య నది దాటే రోడ్డు మూసేసే పరిస్థితి. అదే 1908లో నగరం దగ్గర నాలుగు లక్షల క్యూసెక్కులకు పైగా పారిందని అప్పటి ఇంజనీర్ల అంచనా. ఈ తేడా మనసులో పెట్టుకుంటే స్క్రోలింగ్‌లో 'గేట్లు ఎత్తివేత' అని కనపడగానే గుండె దడ రాదు. ఎన్ని గేట్లు ఎత్తారన్నది అసలు లెక్కే కాదు. ఆరు గేట్లు ఒక్కో అడుగు ఎత్తడం, రెండు గేట్లు మూడేసి అడుగులు ఎత్తడం దగ్గర దగ్గరగా ఒకే నీరు. ఎన్ని క్యూసెక్కులు, రాత్రి పెంచుతారా తగ్గిస్తారా, ఇవి అడగండి.

ఇక కట్ట వయసు. పాత రాతికట్టడం వందేళ్లకే బలహీనపడుతుందని జనం అనుకుంటారు. సున్నపు గచ్చు గాలి తగిలే కొద్దీ ఏళ్ల తరబడి గట్టిపడుతూనే ఉంటుంది. దాని శత్రువు లోపలినుంచి ఊరే నీరు. సన్నగా ఊరే నీళ్లు గచ్చులోని సున్నాన్ని కరిగించి బయటికి తెస్తాయి. కట్ట వెనకవైపు రాళ్ల సందుల్లోంచి తెల్లటి చారలు దిగి గడ్డకట్టి ఉంటే అది ఇదే. చూడగానే భయపడాల్సింది కాదు, పట్టించుకోకుండా వదిలేయాల్సిందీ కాదు. సందులు తోమి మళ్లీ పూడుస్తారు, అవసరమైతే లోపలికి గ్రౌట్ (పలుచటి సిమెంటు ముద్ద) పంపుతారు.

ఏ కట్టలోనైనా ఎంతో కొంత నీరు ఊరుతుంది. చుక్క కూడా ఊరని కట్ట నేను చూడలేదు. తనిఖీకి వెళ్లినప్పుడు మేం చూసేది రెండే విషయాలు. ఊరే నీటిని కట్ట అడుగున చిన్న కాలువలోకి తెచ్చి, వి ఆకారపు గండి ఉన్న రేకు మీదుగా పోనిచ్చి కొలుస్తారు. చెరువు మట్టం పోయినేడాది ఇదే రోజున ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉండి, ఊట మాత్రం పెరిగితే కారణం వెతకాలి. రెండోది రంగు. గాజు సీసాలో పట్టి వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తాం. తేటగా ఉంటే సరే. మట్టి రంగు కనిపించిందంటే లోపల కట్ట కరుగుతోందని అర్థం. అప్పుడిక ఫైలు రాస్తూ కూర్చోరు, ఇసుక బస్తాలు, కంకర తెప్పించి ఆ రాత్రే పని మొదలుపెడతారు. మట్టికట్ట ఉన్న చోట ఎలుక బొరియలు, చెదపుట్టలు, తుమ్మచెట్ల వేళ్లు చూస్తాం. కట్ట మీద చెట్లు పచ్చగా ఉంటే చూడ్డానికి అందంగా ఉంటుంది కానీ ఆ చెట్టు చచ్చిపోయి వేరు కుళ్లిందంటే నీళ్లు పోవడానికి అక్కడ గొట్టం తయారైనట్టే.

మన రాష్ట్రాల్లో, పక్కనున్న కర్ణాటకలో ఈ మధ్య కట్టలకు జరిగిన ప్రమాదాలు వరసగా చూడండి. 2021 నవంబర్ 19న అప్పటి కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు తెగింది. గేట్లు వదలగలిగిన దానికంటే వరద ఎక్కువ వచ్చింది, ఉన్న ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదు, నీళ్లు మట్టికట్ట పైనుంచి దొర్లాయి. మట్టికట్ట మీదినుంచి నీళ్లు దొర్లితే కొన్ని గంటలే దాని ఆయుష్షు. పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లలో ఇళ్లు కొట్టుకుపోయాయి. 2022 జులైలో కడెం ప్రాజెక్టుకు 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది, అది వదలగలిగింది సుమారు 3 లక్షలు, పైగా 18 గేట్లలో ఒకటి లేవలేదు. అదృష్టం బాగుండి నిలబడింది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్రలో 19వ గేటు గొలుసు తెగి గేటే కొట్టుకుపోయింది. పారే నీళ్లలోనే స్టాప్‌లాగ్‌లు (గేటు చోట అడ్డంగా దింపే ఇనుప పలకలు) దింపి ఆ గండిని మూయించిన గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

వీటిలో ఒక్కటీ రాతికట్టడం ముసలిదై కూలిన ఘటన కాదు. గేటు లేవకపోవడం, గొలుసు తెగడం, వదలగలిగిన దానికంటే ఎక్కువ వరద రావడం, ఇవే కారణాలు. అందుకే నాకు కట్ట వయసు కంటే గేటు తాడుకు గ్రీజు పెట్టారా లేదా అన్నది పెద్ద ప్రశ్న. గేట్లు ఎత్తాల్సి వచ్చేది ఉరుములు మెరుపుల రాత్రి. ఆ రాత్రే కరెంట్ పోతుంది. జనరేటర్ ఉండాలి, అందులో డీజిల్ ఉండాలి, అది స్టార్ట్ కావాలి. కాకపోతే చేత్తో తిప్పే హ్యాండిల్ ఉండాలి, తిప్పేవాళ్లు అక్కడే కాపలా ఉండాలి. జూన్‌లోనే ప్రతి గేటునూ కాస్తైనా ఎత్తి దించి చూడాలి. ఉస్మాన్‌సాగర్‌కు 15, హిమాయత్‌సాగర్‌కు 17 గేట్లున్నాయి. ఒక్కటి కూడా 'దాని సంగతి వచ్చే ఏడాది చూద్దాం' అని వదిలేయదగ్గది కాదు.

వానాకాలానికి ముందూ తర్వాతా తనిఖీ చేయాలని 2021 ఆనకట్టల భద్రత చట్టం చెప్తోంది. కట్టకు ఏదైనా అయితే ఎవరికి ఎలా కబురు వెళ్లాలి, నీరు ఎంతవరకు పరుచుకుంటుంది అన్న అత్యవసర ప్రణాళిక కూడా తయారు చేయాలి. ఆ ప్రణాళికలో ముంపు మ్యాప్ ఉంటుంది. మీ కాలనీ అందులో ఎక్కడుందో అడిగి తెలుసుకోండి. ఈ జంట జలాశయాల నిర్వహణ జలమండలిది.

ఇప్పుడు నాకు నిజంగా బెంగ పెట్టే విషయం. మూసీ పెద్ద వరదల తేదీలు చూడండి: 1908 సెప్టెంబర్ 28, 2020 అక్టోబర్ 13, 2025 సెప్టెంబర్ 26, 27. అన్నీ వానాకాలం చివర్లోనే. అప్పటికి నేల తడిసి ముద్దై ఉంటుంది, ఎగువ చెరువులు నిండి ఉంటాయి, తాగునీళ్ల కోసం జలాశయాలను అంచుదాకా నింపుకుని ఉంటాం. సరిగ్గా అప్పుడే బంగాళాఖాతంలో వాయుగుండం పుడుతుంది. 2025లో మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి నీళ్లొచ్చి ప్రయాణికులు చిక్కుకుపోయింది ఇలాంటి రాత్రే. 2020లో ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 32 సెంటీమీటర్లు పడింది. అంటే 1908లో శంషాబాద్‌లో పడినంత వాన. నగరానికి తూర్పున పడింది కాబట్టి ఆ నీరు జంట జలాశయాల్లోకి రాలేదు. అదే వాన పడమటి వైపు, వికారాబాద్ నుంచి శంషాబాద్ వరకు పడి ఉంటే ఏమయ్యేదో తలుచుకోవడానికే భయమేస్తుంది.

చెన్నైలో మన బంధువులున్నవాళ్లకు 2015 డిసెంబర్ గుర్తుండే ఉంటుంది. చెంబరంబాక్కం కూడా గండిపేట లాగే తాగునీళ్ల చెరువు, పట్టేది మూడున్నర టీఎంసీల చిల్లర. నిండుగా ఉంచుకున్నారు, ఆపలేని వాన వచ్చింది, రాత్రికి రాత్రి 29 వేల క్యూసెక్కులు అడయార్‌లోకి వదిలారు. కట్టకు ఏమీ కాలేదు. కింద ఊరు మునిగింది. అది మనుషులు తెచ్చిపెట్టిన విపత్తని తర్వాత కాగ్ నివేదికలో రాసింది. కాబట్టి అక్టోబర్ మూడో వారం దాటేదాకా రెండు జలాశయాలనూ పూర్తి మట్టానికి కొన్ని అడుగులు తక్కువలో ఉంచి, వాయుగుండం కబురు రాగానే పగటిపూట, కొద్దికొద్దిగా వదలడమే మంచి పద్ధతని నా అభిప్రాయం. ఆ తర్వాత వాన పడకపోతే నీళ్లు వృథా చేశారని తిడతారు. ఆ తిట్లు పడటానికి సిద్ధపడే అధికారికి మనం అండగా ఉండాలి.

మీ తమ్ముడి ప్రశ్నకొస్తాను. ఖాళీ చేసేస్తే, లేదా ఎత్తేస్తే, ఆ వరద నేరుగా మీ గుమ్మంలోకి వస్తుంది. అది ఒకటి. రెండోది, ఎండిన చెరువులో ప్లాట్లు పడటానికి మన దగ్గర ఎంతకాలం పడుతుందో అందరికీ తెలుసు.

నీళ్ల సంగతి కూడా అంత తేలిగ్గా తీసేయదగ్గది కాదు. 1996 మార్చిలో వచ్చిన 111 జీవో జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద కట్టడాలు రాకుండా కట్టడి చేసింది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 69 జీవో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ, నగరం వాడే నీటిలో ఈ రెండింటి వాటా 1.25 శాతమేనని చెప్పింది. వాడకం తగ్గించుకుంటే వాటా తగ్గుతుంది, అందులో వింతేముంది? రెండు జలాశయాలూ నిండితే 6.87 టీఎంసీలు. నగరానికి రోజుకు ఇచ్చే నీటితో పోలిస్తే, ఆవిరైపోయేది, అడుగున మిగిలేది తీసేసినా దాదాపు రెండు నెలల సరఫరా అంత నిల్వ. ఇప్పుడున్న పైపులు అంత నీటిని ఒకేసారి మోయలేవు, నిజమే. కానీ నిల్వంటూ ఊరి పక్కన ఉంది.

కృష్ణా నీళ్ల ఖర్చు చూడండి. నాగార్జునసాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. గండిపేట 1,790. వెయ్యి లీటర్ల నీటిని 1,200 అడుగులు ఎత్తాలంటే మోటారులో, పైపులో పోయే నష్టం కలపకుండానే ఒక యూనిట్ కరెంట్ కావాలి. ఉస్మాన్‌సాగర్ నీళ్లు ఆసిఫ్‌నగర్ ఫిల్టర్‌బెడ్లకు వందేళ్లుగా వాటంతటవే పల్లానికి పారి వస్తున్నాయి. 2024 వేసవిలో నాగార్జునసాగర్‌లో మట్టం పడిపోతే నగరం కోసం అత్యవసర పంపింగ్ పెట్టాల్సి వచ్చింది. ఊరికి వంద కిలోమీటర్ల దూరాన ఉన్న నీటినే నమ్ముకుంటే ఇలాంటి వేసవులు ఇంకా వస్తాయి. గోదావరి నీళ్లు తెచ్చి ఈ జంట జలాశయాల్లోనే నింపాలని ప్రభుత్వమే ఇప్పుడు పథకం వేసిందంటే ఈ చెరువుల అవసరం తీరిపోలేదనే కదా.

నిజమే, 2016 వేసవికి ఇవి రెండూ ఎండిపోయాయి కూడా. వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల నుంచి వచ్చే వాగులకు అడుగడుగునా అడ్డుకట్టలు, బోర్లు, లేఅవుట్ల ప్రహరీలు. మామూలు వానకు చెరువులోకి చుక్క రాదు, కుండపోత పడితే కాంక్రీట్ మీదినుంచి జర్రున జారి మొత్తం ఒకేసారి వస్తుంది. ఎగువ పరీవాహకం పాడైతే కరువులో నీళ్లు తగ్గుతాయి, వరదలో ఉధృతి పెరుగుతుంది. కట్టకు ఎన్ని మరమ్మతులు చేసినా ఇది సరికాదు. మీరు కట్ట గురించి అడిగారు, కానీ మీ ఇంటి భద్రత సగం వికారాబాద్ వైపు, సగం మీ పక్క నది గర్భంలో ఉంది.

ఇక మీ అపార్ట్‌మెంట్. ముందు నది హద్దు ఎక్కడో తేల్చుకోండి. 168 జీవో ప్రకారం మున్సిపల్ పరిధిలో నది హద్దు నుంచి 50 మీటర్లు, బయటైతే 100 మీటర్లు కట్టడాలు ఉండకూడదు. మీ బిల్డింగ్ ఆ నిషేధ గీతకు బయటే ఉందా, బిల్డర్ ఆ 50 మీటర్లలో పార్కు పేరుతో మట్టి పోసి ఎత్తు పెంచాడా చూడండి. రెండోది జరిగి ఉంటే నది ఇరుకైందని అర్థం. అసోసియేషన్ తరఫున ఒక సర్వేయర్‌ను పిలిపించి సెల్లార్ నేల మట్టం సముద్రమట్టం లెక్కలో ఎంతో రాయించుకోండి. నీటిపారుదల శాఖ దగ్గర మీ ప్రాంతంలో మూసీ గరిష్ఠ వరద మట్టం ఉంటుంది. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుంటే మీ భయం ఎంత నిజమో అరగంటలో తేలిపోతుంది.

సెల్లార్ మట్టం తక్కువ ఉన్నట్టు తేలితే కరెంట్ ప్యానెల్, జనరేటర్ గ్రౌండ్ ఫ్లోర్‌కు మార్పించండి. లిఫ్ట్‌ను వరద రోజుల్లో పై అంతస్తులో ఆపేయమని వాచ్‌మన్‌కు చెప్పండి. చాలామంది మరచిపోయేది ఇంకొకటుంది. నది గట్టు దాటకపోయినా, మీ వాన నీటి కాలువ నదిలో కలిసే చోటినుంచి నీరు ఎదురు తన్ని సెల్లార్‌లో పైకి వస్తుంది. ఆ పైపు చివర నీరు బయటికే పోయి లోపలికి రాకుండా మూసుకునే వాల్వ్ పెట్టించండి. మీకు కావాల్సిన ఖర్చుల్లో అన్నిటికంటే చిన్నది అదే, ముందు చేయాల్సింది కూడా అదే. వాల్వ్ దగ్గర చెత్త చేరితే మూసుకోదు కాబట్టి మేలో ఒకసారి, ఆగస్టు చివర ఒకసారి తీసి కడిగించండి. సర్వేయర్ రిపోర్టు వచ్చాక అంకెలు ఇక్కడ పెడితే చూసి చెప్తాను.